తాండాల్లో, ఉర్దూ వీధుల్లో వైద్యం: రోగికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఎవరిది?

ప్రశ్న – తాండాబాట (అనంతపురం జిల్లా)

నేను గుంతకల్లు వైపు ఒక పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ కొన్ని సుగాలీ తాండాలు, ఊరిలోనే ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉండే రెండు వీధులు మా పరిధిలోకి వస్తాయి. నాకు తెలుగుతో పాటు కొద్దిగా కన్నడం వచ్చు. గోర్‌బోలి (సుగాలీలు, అంటే లంబాడీలు, మాట్లాడే భాష) రాదు, ఉర్దూ వింటే సగం అందుతుంది. చదువుకున్న పిల్లలతోనూ, కూలి పనులకు బెంగళూరు వెళ్లివచ్చే మగవారితోనూ ఏ ఇబ్బందీ లేదు. వయసు మళ్లిన ఆడవారితోనూ, కర్ణాటక తాండాల నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లతోనూ మాట్లాడవలసి వచ్చినప్పుడే చిక్కు. సంతలో బేరమాడడానికి సరిపోయే తెలుగు వారికి ఉంటుంది గానీ, నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో, నెలసరి ఎన్నాళ్లకొకసారి వస్తోందో చెప్పడానికి ఆ తెలుగు చాలదు.

ప్రస్తుతం రోగి వెంట ఎవరు వస్తే వారే దుబాసీ. చక్కెర జబ్బు, బీపీ రెండూ ఉన్న ఒక అవ్వ తన మనవడిని తీసుకుని వస్తుంది. ఐదో తరగతి చదివే పిల్లవాడు. ఏ మాత్ర తిండికి ముందు వేసుకోవాలో, ఏది తిన్న తరువాత వేసుకోవాలో, ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు తిరిగితే ఏం చేయాలో నేను నిదానంగా చెబితే, ఆ పిల్లవాడు అదంతా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అవ్వ తల ఊపుతుంది. తరువాతి నెల మాత్రల అట్టలు తెప్పించి చూస్తే ఒక రకం కదలకుండా ఉంది, ఇంకొకటి నెల నిండకముందే అయిపోయింది.

ఆడవారి జబ్బుల విషయం ఇంతకంటే కష్టం. భర్తో, అత్తో పక్కన నిలబడి చెబుతున్నప్పుడు ఏ బాధైనా కడుపునొప్పిగానే నా దగ్గరికి చేరుతోంది. అసలు సంగతి ఏమిటో ఆమెకు తెలుసు, నాకు తెలియదు. మా ఇద్దరి మధ్య నిలబడినవారు ఎంత దాటనిస్తే అంతే.

పెద్దలను అడగదలచుకున్నవి ఇవి. మా వంటి చిన్న కేంద్రంలో దుబాసీగా ఎవరిని పెట్టుకోవడం మంచిది? రోగికి అర్థమయ్యే భాషలో చెప్పడం మన మంచితనానికి వదిలిన సంగతా, లేక ఎక్కడైనా నియమంగా ఉన్నదా? ఉంటే పైఅధికారులకు రాసేటప్పుడు దాన్ని చూపవచ్చు. భాషతో పాటు ఆచారాల విషయంలో మేము గమనించక పొరపడుతున్నవి ఏవైనా ఉంటే అవీ చెప్పండి. రంజాన్ నెలలో రోజా (ఉపవాసం) ఉండే చక్కెర రోగుల గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాలని ఉంది.


సమాధానం – బురుజువీధి (కర్నూలు)

నేను వైద్యుడిని, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాకాలం పనిచేశాను. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తెలిస్తే మిగతావాటికి దారి దొరుకుతుంది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. జబ్బు ఏమిటి, చికిత్స ఏమిటి, దానివల్ల రాగల ఇబ్బందులేమిటి అన్నది రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని అందులో స్పష్టంగా ఉంది. మగ వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ అక్కడ ఉండాలన్నదీ ఆ పత్రంలోనిదే. ఆ పత్రం తనంత తానుగా శిక్షలు వేసే చట్టం కాదు, కానీ అధికారికి రాసే లేఖలో ఆధారంగా చూపడానికి అది చాలు.

అంతకంటే బలమైనది సుప్రీంకోర్టు తీర్పు. సమీరా కోహ్లీ కేసులో 2008లో వచ్చిన ఆ తీర్పును శస్త్రచికిత్స చేసే ప్రతివారూ తెలుసుకోవాలి. పరీక్ష కోసమని ఒప్పుకుని మత్తులోకి వెళ్లిన స్త్రీకి, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. రోగి పెద్దవయసు మనిషి, స్పృహ వచ్చాక ఆమెనే అడిగే వీలుంది, అప్పటికప్పుడు ప్రాణానికి ముప్పు లేదు. కాబట్టి తల్లి ఇచ్చిన ఒప్పుదల చెల్లదని కోర్టు తేల్చింది. చేయబోయే చికిత్స ఏమిటి, దేనికి, వేరే మార్గాలున్నాయా, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి తెలిశాకే ఒప్పుదల అవుతుందని కూడా చెప్పింది. ఈ లెక్కన, తెలుగు చదవడం రాని తాండా మహిళ చేత తెలుగులో అచ్చువేసిన కాగితం మీద వేలిముద్ర వేయించి, ఆమె భర్తకు తెలుగులో నాలుగు మాటలు చెప్పి పంపడం ఒప్పుదల ఎలా అవుతుంది? మన జిల్లాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవారిని చూస్తున్నప్పుడల్లా, ఆ కాగితాల మీద ఉన్న వేలిముద్రల్లో తెలిసి వేసినవి ఎన్ని ఉంటాయా అని నాకు సందేహం కలుగుతుంది.

ఇక దుబాసీ సంగతి. పిల్లలను వద్దు అనడానికి నా అభిప్రాయం ఒక్కటే కారణం కాదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే తల్లులు పిల్లలను చూపించడానికి వచ్చిన 13 సందర్భాలను రికార్డు చేసి పరిశీలించి, ఫలితాలను 2003లో ప్రచురించారు. అనువాదంలో మొత్తం 396 తప్పులు దొరికాయి. అంటే ఒక్కో సందర్భానికి సగటున 30కి పైగా. వాటిలో 63 శాతం చికిత్సను పక్కదారి పట్టించగలవి. ఆసుపత్రి నియమించిన దుబాసీల తప్పుల్లో అటువంటివి 53 శాతం ఉండగా, అప్పటికప్పుడు పిలిచి నిలబెట్టినవారి తప్పుల్లో 77 శాతం ఉన్నాయి. అలా నిలబెట్టినవారిలో రోగికి తోబుట్టువైన పదకొండేళ్ల పిల్ల కూడా ఉంది. మీ అవ్వ మనవడిది దాదాపు ఆ వయసే. ఆ దేశపు ఆరోగ్య శాఖ అల్పసంఖ్యాక వర్గాల వైద్యం కోసం 2000లో 14 ప్రమాణాలు ప్రకటించి, 2013లో వాటిని 15 చేసింది. శిక్షణ లేనివారినీ, మైనర్లనూ దుబాసీలుగా వాడవద్దని అందులో ఉంది. ఆస్ట్రేలియాలో ఫోన్ ద్వారా దుబాసీ సేవ 1973లోనే మొదలైంది. మన వైద్య కళాశాలల్లో ఏటా ఇతర రాష్ట్రాల విద్యార్థులు చేరుతున్నారు. ప్రభుత్వ కళాశాలల్లో అఖిల భారత కోటా ఎంబీబీఎస్‌లో 15 శాతం, పీజీలో 50 శాతం. అంటే రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు తెలుగే సరిగా రానప్పుడు, ఆదోని నుంచి వచ్చిన కన్నడ రోగికీ, రాయచూరు నుంచి వచ్చిన ఉర్దూ రోగికీ వార్డు బాయ్ దుబాసీ అవుతున్నాడు. 2019 నుంచి ఎంబీబీఎస్ మొదట్లో స్థానిక భాష నేర్పే ఏర్పాటు ఉన్న మాట నిజమే, కానీ ఆ కొద్ది రోజుల్లో వచ్చే తెలుగుతో ఎక్కడికని పోగలం?

మీ కేంద్రంలో రేపటి నుంచే చేయగలిగినవి చెబుతాను. ఓపీ చీటీ రాసేటప్పుడే "మీకు ఏ భాషలో మాట్లాడితే సులువు?" అని అడిగి చీటీ మీద రాయండి; ఆ ఒక్క మాట రాసి ఉంటే, రేపు మీరు రోగిని పెద్దాసుపత్రికి పంపినప్పుడు అక్కడివారికి కూడా తెలుస్తుంది. దుబాసీని రోగి పక్కన, కొంచెం వెనుకగా కూర్చోబెట్టండి. మీరు మాట్లాడేది రోగి ముఖం చూస్తూ మాట్లాడండి, "ఆమెకు చెప్పు" అని దుబాసీతో కాదు. ఒకసారికి ఒక్క సంగతే చెప్పి ఆగండి. "అర్థమైందా?" అని అడగవద్దు, ఆ ప్రశ్నకు మన ప్రాంతంలో ఎవరైనా అర్థమైందనే అంటారు, డాక్టరును నొప్పించడం ఎందుకని. "ఇంటికి పోయి ఈ మాత్రలు ఎట్లా వేసుకుంటావో నాకు చేసి చూపించు" అనండి. అట్ట చేతిలో పెట్టి చూపించమంటే రెండు నిమిషాల్లో లోపం ఎక్కడుందో బయటపడుతుంది. తప్పు చూపించినప్పుడు విసుక్కోకుండా మళ్లీ చెప్పడం కూడా ఇందులో భాగమే.


సమాధానం – గుత్తికోటదారి (అనంతపురం)

నేను తాండాలో పుట్టి పెరిగి, నర్సింగ్ చదివి, ఇదే జిల్లాలో పనిచేస్తున్న సుగాలీ మహిళను. డాక్టరు గారు చెప్పినవన్నీ అవసరమైనవే. అయితే "తాండా మనిషినే దుబాసీగా పెట్టండి" అని సలహా ఇచ్చేవారు ఒక సంగతి మరచిపోతారు. తాండా అంటే అందరూ అందరికీ చుట్టాలే. తెల్లబట్ట గురించో, గర్భం నిలవకపోవడం గురించో, భర్త కొట్టిన దెబ్బల గురించో సొంత తాండా మనిషి నోటి ద్వారా చెప్పించుకోవడం కంటే ఊరకే ఉండడం మేలని మా ఆడవారు అనుకుంటారు. అందుచేత మామూలు జ్వరాలకూ, బీపీ మాత్రలకూ సొంత తాండా ఆశా కార్యకర్త సరిపోతుంది. గుట్టుగా ఉంచవలసిన విషయానికి మాత్రం దూరపు తాండాకు చెందిన, చుట్టరికం లేని మహిళ కావాలి. ఆమె ఎదురుగా రానక్కరలేదు. పేరు చెప్పకుండా ఫోన్ స్పీకరులో మాట్లాడించినా చాలు. ఇంకా ధైర్యంగా చెబుతారు. ఏర్పాటు ఏదైనా, "ఈమె చెప్పినా పరవాలేదా?" అని ముందు రోగిని అడగాలి. తాండా పెద్ద అయిన నాయక్‌ను పిలిపించి చెప్పిస్తే అందరూ వింటారని కొందరు అధికారులు అనుకుంటారు. టీకాల శిబిరానికి అది పనికివస్తుంది, ఆడవారి జబ్బులకు పనికిరాదు.

ఆశా నియామకం గురించి: సాధారణంగా వెయ్యి జనాభాకు ఒకరు, గిరిజన, కొండ ప్రాంతాల్లో ఆవాసానికొకరు ఉండవచ్చని మార్గదర్శకాల్లో ఉంది. రాయలసీమలో ఐదో షెడ్యూలు ప్రాంతం (రాజ్యాంగం కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం) లేదు కాబట్టి మీ పరిధికి అది వర్తించదని అనేవారు ఉండవచ్చు. అలా అన్నా, ఎంపిక గ్రామసభ ద్వారా జరగాలన్న నియమం ఉంది గనుక, ఖాళీ వచ్చినప్పుడు పెద్ద ఊరి మనిషిని కాకుండా తాండా మహిళను తీసుకోమని తీర్మానం చేయించవచ్చు. మామూలుగా జరిగేది ఏమిటంటే, పెద్ద ఊరి ఆశాకు తాండాలు అదనంగా అంటగడతారు. ఆమె వారానికొకసారి రచ్చకట్ట వరకూ వచ్చి వెళుతుంది.

మాకు హిందీ వస్తుందని అనుకునేవారు కూడా ఎక్కువే. 2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నవారు దేశంలో 32 లక్షలకు పైగా ఉన్నా, ఆ లెక్కను హిందీ పద్దులో కలిపారు. కాగితం మీద మేము హిందీవారం కాబట్టి మా కోసం వేరే పోస్టరు గానీ, వీడియో గానీ ఎవరూ చేయరు. మా భాషకు సొంత లిపి వాడుకలో లేదు, రాసేవారు తెలుగు లిపిలోనే రాస్తారు, మా అవ్వలకు ఏ లిపీ రాదు. కాబట్టి కరపత్రాలు అచ్చు వేయించే డబ్బుతో, గోర్‌బోలిలో రెండు మూడు నిమిషాల మాటలు రికార్డు చేయించి, కోడలి ఫోన్‌లోనో మనవడి ఫోన్‌లోనో వేసి పంపండి. చక్కెర తగ్గిపోయినప్పుడు కనిపించే లక్షణాలు, బిడ్డకు వాంతులు విరేచనాలు అయినప్పుడు ఓఆర్ఎస్ కలిపే పద్ధతి, గర్భిణికి వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు – ఈ మూడూ ఉంటే మొదటికి చాలు.

ఆచారాల విషయంలో రెండు మూడు సంగతులు చెబుతాను. మా పెద్ద వయసు ఆడవారిలో కొందరు ఇప్పటికీ మోచేతికి పైన గాజులు వేసుకుంటారు. అవి ముత్తయిదువ గుర్తు, భర్త పోయినప్పుడే తీస్తారు. బీపీ చూడడానికి "అవన్నీ తీసెయ్" అని కసిరితే ఆమె లేచి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. అడిగి చూడండి; కొన్నింటిని పైకి జరపడానికి ఒప్పుకోవచ్చు. వీలుకాకపోతే ముంజేతికి పట్టీ కట్టి చూసి, అలా చూసినట్టు చీటీలో రాయండి. ప్రతిసారీ అదే విధంగా చూస్తే తేడా తెలుస్తుంది. ఛాతీ ఎక్స్‌రేకు అద్దాలు, పూసలు, నాణేలు కుట్టిన రవికె నిజంగానే అడ్డు. కానీ దాన్ని మార్చుకోవడానికి గౌనూ, తలుపు వేసుకునే గదీ, పక్కన ఒక ఆడమనిషీ ఉండాలి కదా.

భర్త పేరు చెప్పమని ఓపీ దగ్గర గట్టిగా అడుగుతారు. పాతకాలపు ఆడవారు భర్త పేరు నోటితో పలకరు. వారు ఊరకుండిపోతే భాష రాదనో, తెలివి లేదనో అనుకుని వరుసలోంచి పక్కకు పంపేవారిని చూశాను. ఆధార్ కార్డు చూసి రాసుకుంటే ఆ గొడవే ఉండదు. ఒకే తాండాలో ఒకే పేరుగల ఆడవారు నలుగురైదుగురు ఉంటారన్నది కూడా గుర్తుంచుకోండి. రక్తపరీక్ష చీటీలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. పేరుతో పాటు వయసూ, ఫోన్ నంబరూ చూసుకోవడం తప్పనిసరి.

ఒక్క మనవి. లంగా రవికె చూసి తెలుగు రాదని నిర్ణయించుకోవద్దు. డిగ్రీ చదివిన మా పిల్లలతో కూడా చేతులు ఊపుతూ పొడిపొడి తెలుగులో మాట్లాడేవారున్నారు. అడిగి తెలుసుకోవడం మేలు.


సమాధానం – పెన్నాతీరం (కడప)

నేను మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును; ఇంట్లో మాది ఉర్దూయే. రోజా గురించి అడిగారు కాబట్టి దాన్నే కొంచెం వివరంగా రాస్తాను.

జబ్బుపడినవారికీ, ప్రయాణంలో ఉన్నవారికీ ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. అయినా చక్కెర జబ్బు ఉన్న పెద్దవారు రోజా మానడానికి ఇష్టపడరు. డాక్టరు కోప్పడతాడని ఆ మాట ఆసుపత్రిలో చెప్పరు. చెప్పకుండా ఉండి, పొద్దున వేసుకోవలసిన మాత్రను తామే మానేస్తారు, లేదా సహరీకి (తెల్లవారకముందే తినే వేళకు) అంతా ఒకేసారి వేసుకుంటారు. అందుచేత మనమే ముందు అడగాలి. నెల మొదలయ్యే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే రోగిని పిలిచి మాట్లాడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి తేదీని ఓపీ గదిలో రాసి పెట్టుకోండి. మన ఎండల్లో వచ్చినప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం కూడా తోడవుతుంది.

మాత్రల్లో అన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర మరీ పడిపోయే భయం తక్కువ. గ్లిమిపిరైడ్ వంటివీ, ఇన్సులినూ వాడేవారికి మధ్యాహ్నం దాటాక పడిపోయే ప్రమాదం ఉంది. సాధారణంగా పెద్ద మోతాదును సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్ వేళకు మార్చి, సహరీ వేళ మోతాదును తగ్గిస్తారు. ఎంత తగ్గించాలన్నది డాక్టరు చూసి చెప్పవలసిందే, నా వంటివారు కౌంటరు దగ్గర చెప్పవలసింది కాదు. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా, వణుకు, చెమటలు, మసక కనిపించినా వెంటనే రోజా విడవాలి. వేలికి సూది గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా పోతుందని భయపడేవారు మా వీధిలోనే ఉన్నారు. పోదని మతపెద్దలే చెబుతారు. ఆ మాటను నర్సు చెప్పడం కంటే మసీదులో ఇమాం చెబితే ఎక్కువమంది నమ్ముతారు. ఒక శుక్రవారం ముందు ఆయనను కలిసి అడగండి, కాదనరు. మూత్రపిండాల జబ్బు ముదిరినవారూ, ఇన్సులిన్ వాడుతున్న గర్భిణులూ, ఈమధ్య చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారూ రోజా ఉండకూడదు. వారితో ఇమాం గారు స్వయంగా మాట్లాడితే మనసులో బాధ లేకుండా మానుకుంటారు.

మందుల విషయంలో కొందరు గుళికలు వద్దంటారు, వాటి పైతొడుగు జంతువుల నుంచి తీసిన జెలటిన్ కాబట్టి. అదే మందు మాత్రగా దొరికితే మార్చమని డాక్టరును అడిగితే సరిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచి వస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అటువంటిది తీసుకోవచ్చన్నది మతపండితుల్లో ఎక్కువమంది మాట. దాచి ఇవ్వడం కంటే చెప్పి ఇవ్వడమే నయం. తరువాత తెలిస్తే ఆ ఆసుపత్రి మీద నమ్మకం పోతుంది.

ఆడ డాక్టరే కావాలనడం ఇప్పటి పట్టుదల అని కొందరు విసుక్కుంటారు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1885లో, మేరీ షార్లీబ్ అనే డాక్టరమ్మ చొరవతో మద్రాసులో ఘోషా (పరదా) పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టారు. అప్పటివారు గుర్తించిన అవసరాన్ని ఇప్పుడు మొండితనం అనడం బాగుండదు. మీ కేంద్రానికి లేడీ డాక్టరు వచ్చే రోజు ఏదో ముందే ఆ రెండు వీధుల్లో తెలియజేస్తే చాలు, ఆ రోజుకే వస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేస్తూ 2022లో చట్టాన్ని సవరించారు. ఆసుపత్రి బోర్డుల మీద, ఒప్పుదల పత్రాల మీద ఉర్దూ అడగడానికి ఇది మంచి ఆధారం. అయితే ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుర్రవాళ్లలో చాలామంది చదివేది తెలుగు, ఇంగ్లీషు. ఉర్దూ చదవగలిగేది పెద్దవారు. అదీ చదువుకున్నవారు. మందుల కవరు మీద సూర్యుడు, చంద్రుడి బొమ్మలు వేసి, ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు పెట్టి ఇవ్వడం మా దుకాణంలో అందరికీ పనికివస్తోంది.

మనసు జబ్బుల గురించి కూడా ఒక మాట. దర్గాకు తీసుకువెళ్లామని ఎవరైనా చెబితే వెటకారం చేయవద్దు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ముజావర్లకు (దర్గా సేవకులకు) శిక్షణ ఇచ్చి, అక్కడే మానసిక వైద్యులను కూర్చోబెట్టి, దువాతో (ప్రార్థనతో) పాటు దవా (మందు) కూడా ఇచ్చే ఏర్పాటు నడిచింది. అదే సమయంలో, తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో చనిపోయారన్నదీ మరువకూడదు. దర్గాకు వెళ్లడం వారి ఇష్టం, మాత్రలు మాత్రం ఆపవద్దని చెప్పగలిగితే చాలావరకు వింటారు.


తాండాబాట

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ నమస్కారాలు. అక్కా, చుట్టరికం లేని మనిషి కావాలన్న మీ మాట నాకు ఇంతవరకూ తట్టలేదు; మా కేంద్రానికి వచ్చే నర్సింగ్ విద్యార్థినుల్లో ఇద్దరు కదిరి వైపు తాండాలవారు, వారిని అడిగి చూస్తాను. అలా ఫోన్‌లో మాట్లాడేవారికి ఊరికే చేయించుకోవడం న్యాయంగా లేదు. ఎంతో కొంత ఇవ్వడానికి ఏ పద్దు నుంచి వీలవుతుంది?


సమాధానం – నల్లమలనీడ (ఆత్మకూరు)

నేను ఆత్మకూరు చుట్టుపక్కల చెంచు గూడేల్లో ఆరోగ్య కార్యక్రమాల్లో పనిచేశాను. మాది పాత కర్నూలు జిల్లాయే, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా అయింది. ముందుగా డబ్బు సంగతి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల నిధి ఉంటుంది; స్థానిక అవసరాన్ని బట్టి కమిటీయే తీర్మానించి ఖర్చు పెట్టుకోవచ్చు. పెద్ద ఆసుపత్రులకైతే ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఉంది. "దుబాసీ" అన్న పద్దు ఎక్కడా కనిపించదు కాబట్టి ఆడిట్‌లో అడుగుతారని భయపడతారు. తీర్మానంలో "రోగి సహాయకురాలికి ఫోన్ ఖర్చు, గౌరవ వేతనం" అని రాసి సంతకాలు పెట్టించండి. పదివేలు ఏడాదికి చాలవన్నది వేరే విషయం.

ఇక డాక్టరు గారి మాటకు కొంత భేదాభిప్రాయం చెప్పాలి. భాష కుదిరితే సగం పని అయినట్టే అన్న ధ్వని ఆయన రాసినదాంట్లో ఉంది. చెంచులు మాట్లాడేది తెలుగే. యాస వేరు, అంతే. దుబాసీ అవసరం లేదు. అయినా ఆసుపత్రికి రావడానికి జంకుతారు. ఎందుకు? వరుసలో ఎవరో "అడవివాళ్లు వచ్చారు" అంటారు. స్నానం చేయలేదని నర్సు ముఖం తిప్పుకుంటుంది. వెంట వచ్చిన పదిమందిలో ఒక్కరినే లోపలికి పంపుతారు, మిగిలినవారికి తిండి, పడక ఉండవు. గూడెం నుంచి ఒక మనిషి జబ్బుతో బయలుదేరితే ఆ ఇంటివారంతా వెంట వస్తారు. అది వారి పద్ధతి, రోగికి అదే ధైర్యం. ఇవేవీ భాషతో తీరేవి కావు. నల్లమలలో సగం చోట్ల ఫోన్‌కు సిగ్నల్ కూడా లేదు, స్పీకరులో ఎవరిని పిలుస్తాం?

మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఆసుపత్రి కట్టే ముందు గోండులనే అడిగారు. తెల్లటి పెద్ద భవనమన్నా, తెల్లకోట్లన్నా భయమనీ, చుట్టాలను విడదీస్తారనీ వారు చెప్పారు. అందువల్ల గుడిసెల వంటి వార్డులు కట్టి, రోగి వెంట ఇంటివారు ఉండే వీలు పెట్టి, వారి దేవత దంతేశ్వరి పేరు ఆ ఆసుపత్రికి పెట్టారు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పద్ధతిలో ప్రతి చిన్న ఆవాసానికీ ఆ ఆవాసం వారే ఎంచుకున్న ఆడమనిషి ఆరోగ్య కార్యకర్తగా ఉంటుంది. మన రాష్ట్రంలోనే చూడదలచుకుంటే, సాలూరులో కొండగూడేల గర్భిణులు నెలలు నిండే ముందే వచ్చి ఉండడానికి వసతి గృహం నడిపారు. నల్లమలలో ఇలాంటిది ఎంతో అవసరం. రాత్రిపూట పులుల అభయారణ్యం రోడ్డు మీద రాకపోకలకు ఆంక్షలుంటాయి, నొప్పులు మొదలయ్యాక అంబులెన్సు కోసం ఎదురుచూడడం కంటే వారం ముందే ఆత్మకూరులోనో, సున్నిపెంటలోనో ఉండగలిగితే కాన్పు సుఖంగా జరుగుతుంది. అయితే ఒంటరిగా ఉండమంటే ఉండరు. తల్లినో, అత్తనో, చంటిబిడ్డ ఉంటే ఆ బిడ్డనూ ఉండనివ్వాలి, వారికి ఇష్టమైన తిండి వండుకోనివ్వాలి.

2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో చెంచుల వంటి ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకు సంచార వైద్య వాహనాలు ఉన్నాయి. వాహనం వస్తే సరిపోదు. తేనె తీసే కాలంలోనూ, అడవి సరుకు ఏరే కాలంలోనూ పొద్దున తొమ్మిదికి గూడెంలో ముసలివారు తప్ప ఎవరూ ఉండరు. వాహనం పది గంటలకు వచ్చి, "ఎవరూ రాలేదు" అని రిజిస్టరులో రాసుకుని పోతే, తప్పు గూడెం మీదికి పోతుంది. మీ తాండాలకూ ఇదే వర్తిస్తుంది, తాండాబాట గారూ. మిరపకోతలకు గుంటూరు వైపు, మట్టిపనులకు బెంగళూరు వైపు ఎప్పుడు వలస పోతారో ఆశా దగ్గర కనుక్కుని, పోయే ముందు రెండు నెలల మాత్రలు కట్టి ఇవ్వండి. ఆ కట్టలో జబ్బు పేరు, వాడే మందు పేరు రాసిన చీటీని తెలుగులోనూ, కన్నడంలోనూ పెట్టండి. మీకు కన్నడం వచ్చు కదా. సంత రోజున మాత్రం చక్కెర పరీక్షల శిబిరం పెట్టవద్దు. పెట్టక తప్పకపోతే సంతలోనే పెట్టండి.